కొత్త గ్యాస్ తెచ్చుకోవాలంటే పైపు వేయాలా, నిల్వ పెంచాలా: ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

కొత్త గ్యాస్ క్షేత్రం దొరికిందనో, పొరుగు దేశం అమ్మడానికి ఒప్పుకుందనో వార్త రాగానే అందరి నోటా వచ్చే మొదటి మాట ‘పైప్‌లైన్ వేద్దాం’. నా సలహా వేరు. పైపు సంగతి కాసేపు పక్కన పెట్టి గత మూడు నాలుగేళ్లలో ఏ రోజు ఎంత గ్యాస్ వాడారో ఆ లెక్కలు తీయండి. ఎక్కువ వాడిన రోజు నుంచి తక్కువ వాడిన రోజు దాకా వరసగా పేర్చండి. మీకు కావాల్సింది పైపా, నిల్వా, రెండూనా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

ఏడాది పొడవునా గ్యాస్ చాలడం లేదంటే అది సరఫరా సమస్య. దాన్ని ఏ నిల్వా తీర్చలేదు, నింపడానికి మిగులు గ్యాసే లేనప్పుడు దాన్ని దాచే గుహ ఎంత పెద్దదైతే ఏం లాభం? ఏడాదిలో పదో ఇరవయ్యో రోజులు మాత్రమే చాలడం లేదంటే అది రోజుల సమస్య. దానికోసం వందల కిలోమీటర్ల లైను వేస్తే మిగతా రోజులంతా అది సగం ఖాళీగా నడుస్తుంది, కానీ చార్జీ మాత్రం 365 రోజులూ కట్టాల్సిందే. ఈ రెండు సమస్యల్నీ కలగలిపి మాట్లాడటం వల్లే ఈ రంగంలో ఎక్కువ డబ్బు వృథా అవుతుందని నా గట్టి అభిప్రాయం.

అంకెల్లో చూద్దాం. ఒక పెద్ద నగరం మామూలు రోజున కోటి క్యూబిక్ మీటర్ల గ్యాస్ వాడుతుంది, వచ్చే లైను రోజుకు 1.3 కోట్లు తేగలదు, గట్టిగా చలి పడే 15 రోజులు మాత్రం వాడకం 2 కోట్లకు పోతుంది అనుకుందాం. అంటే రోజుకు 70 లక్షల లోటు. ఆ 15 రోజులూ అదే స్థాయిలో ఉన్నా మొత్తం 10.5 కోట్ల క్యూబిక్ మీటర్లే. ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్న ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్) ఓడ సైజు 1,74,000 క్యూబిక్ మీటర్లు. అందులోని ద్రవాన్ని తిరిగి గ్యాస్ చేస్తే దాదాపు 600 రెట్లవుతుంది, అంటే పది కోట్ల పైచిలుకు. ఈ ఊహా నగరపు ఏడాది లోటు మొత్తం ఒక్క ఓడ సరుకుతో సమానం! గ్యాస్ దాచడానికి భూమిలోని ఉప్పు పొరల్లో చేసే మధ్యరకం గుహలు రెండుంటే అందులో పట్టేస్తుంది. ఆ లోటు కోసం రోజుకు 70 లక్షలు తెచ్చే కొత్త లైను అడిగితే, ఏడాదిలో 350 రోజులు పని లేని లైనుకు డబ్బు కట్టడమే అవుతుంది. అదే నగరంలో మామూలు రోజు వాడకమే 1.6 కోట్లకు పెరిగిందనుకోండి, అప్పుడు కథ పూర్తిగా మారుతుంది. కొత్త సరఫరా, దాన్ని తెచ్చే దారి రెండూ కావాలి.

ముందు ఉన్న లైనును పిండుకోండి

కొత్త లైను గురించి మాట్లాడే ముందు ఉన్న లైను నుంచి ఇంకెంత రాబట్టవచ్చో చూడాలి. మూడు దారులున్నాయి: కంప్రెసర్లు పెంచడం, పక్కన లూప్ వేయడం, ప్రవాహం దిశ తిప్పడం. ఈ మూడింట్లో ఏది చేసినా అనుమతుల గొడవ తక్కువ, ఎందుకంటే భూమి చాలావరకు ఇప్పటికే చేతిలో ఉంటుంది.

కంప్రెసర్ సంగతి ముందు. పైపులో గ్యాస్ వెళ్తుంటే గోడల రాపిడికి ఒత్తిడి తగ్గిపోతూ వస్తుంది, అందుకే పెద్ద లైన్ల మీద సుమారు 60 నుంచి 160 కిలోమీటర్లకొక స్టేషన్ పెట్టి మళ్లీ ఒత్తిడి పెంచుతారు. మధ్యలో ఇంకో స్టేషన్ పెడితేనో, ఉన్నచోట ఇంకో యంత్రం పెడితేనో అదే పైపులో ఎక్కువ గ్యాస్ పోతుంది. దీనికి మంచి ఉదాహరణ గ్రీస్, అల్బేనియాల మీదుగా ఇటలీకి వెళ్లే 878 కిలోమీటర్ల ట్రాన్స్ ఏడ్రియాటిక్ పైప్‌లైన్. ఏడాదికి 1,000 కోట్ల క్యూబిక్ మీటర్లతో మొదలుపెట్టారు, కానీ పైపును మాత్రం కంప్రెసర్లు కలిపితే 2,000 కోట్లకు పోయేలా ముందే వేశారు. గిరాకీ ఎంత పెరుగుతుందో తెలియనప్పుడు ఇది నాకు బాగా నచ్చే పద్ధతి. మట్టి తవ్వేది ఒక్కసారే కాబట్టి పైపు కాస్త పెద్దది వేసుకోవాలి, యంత్రాలు తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు.

దీనికీ హద్దుంది. ప్రవాహం 20 శాతం పెంచితే రాపిడి వల్ల పోయే ఒత్తిడి దాదాపు 44 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది ప్రవాహపు వర్గంతో పెరుగుతుంది. కాబట్టి మొదటి కంప్రెసర్ ఇచ్చినంత లాభం మూడోది ఇవ్వదు, దాని ఇంధనం ఖర్చు మాత్రం జీవితాంతం వెంటాడుతుంది. పైపుకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడిని ఎలాగూ దాటకూడదు. ఇంకో విషయం, కంప్రెసర్ గ్యాస్‌తో నడుస్తుందా, కరెంటుతో నడుస్తుందా అని తప్పకుండా అడగండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు తుఫాను ముంచెత్తినప్పుడు బావుల దగ్గర గ్యాస్ పరికరాలు గడ్డకట్టాయి. గ్యాస్ రాక పవర్ ప్లాంట్లు ఆగాయి. కరెంటు కోత పెడితే ఆ కోత గ్యాస్ రంగంలో కరెంటుతో నడిచే యంత్రాలకూ తగిలి గ్యాస్ ఇంకా తగ్గింది. కరెంటు కంప్రెసర్ పొగ తక్కువ వదులుతుంది, నిర్వహణ సులువు, నాకు దానిపై వ్యతిరేకత ఏమీ లేదు, కాకపోతే కోతల్లో కూడా కరెంటు తీయకూడని జాబితాలో దాని పేరు ఉందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

లూప్ అంటే ఉన్న లైను పక్కనే కొంత దూరం ఇంకో పైపు వేసి రెండు చివర్లా కలపడం. ఇక్కడ చాలామంది తప్పుగా ఊహించుకునే లెక్క ఒకటుంది. అదే సైజు పైపుతో లైను పొడవులో మూడో వంతు లూప్ చేస్తే సామర్థ్యం సుమారు 15 శాతం పెరుగుతుంది, సగం పొడవు చేస్తే 26 శాతం, మొత్తం చేస్తే రెట్టింపు. అంటే మొదటి సగానికి వచ్చేది 26, రెండో సగానికి వచ్చేది 74. పది పదిహేను శాతం చాలనుకున్నవాళ్లకు లూప్ చక్కగా సరిపోతుంది. 60 శాతం కావాలని మొదలుపెట్టి డబ్బు చాలక సగంలో ఆపేసినవాళ్లకు మాత్రం చేతికి వచ్చేది చాలా తక్కువ.

ఇక దిశ తిప్పడం. అన్నిటికన్నా చవకైన దారి ఇదే, కానీ ఎవరికీ ముందుగా తట్టదు. అమెరికాలో రాకీస్ ఎక్స్‌ప్రెస్ అనే లైను పడమటి కొండ ప్రాంతాల గ్యాస్‌ను తూర్పుకు తేవడానికి సుమారు 2,700 కిలోమీటర్లు వేశారు, 2009లో ఒహాయో దాకా పూర్తయింది. సరిగ్గా ఆ సమయంలోనే తూర్పున మార్సెల్లస్, ఆ తర్వాత యూటికా అనే రాతి పొరల్లోంచి షేల్ గ్యాస్ పొంగుకొచ్చింది. గ్యాస్ కోసం ఎదురుచూసిన తూర్పే గ్యాస్ అమ్మే చోటైపోయింది. చివరికి ఆ లైనులో తూర్పు భాగాన్ని అటూ ఇటూ రెండువైపులా నడిచేలా మార్చుకున్నారు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఈజిప్టు గ్యాస్‌ను 2008లో ఇజ్రాయెల్‌కు మోయడం మొదలుపెట్టిన సముద్రపు లైను 2020 నుంచి ఇజ్రాయెల్ గ్యాస్‌ను ఈజిప్టుకు మోస్తోంది. మొరాకో మీదుగా స్పెయిన్‌కు వెళ్లే లైనులో 2021 అక్టోబరు చివర అల్జీరియా సరఫరా ఆపేస్తే, 2022 జూన్ నుంచి అదే లైను స్పెయిన్‌లో దిగిన ఎల్‌ఎన్‌జీని వెనక్కి మొరాకోకు పంపిస్తోంది. అమెరికాలో లూసియానాలోని సబీన్ పాస్ అనే ఎల్‌ఎన్‌జీ ఓడల టెర్మినల్‌ను 2008లో దిగుమతి కోసం తెరిచారు, 2016 ఫిబ్రవరిలో అక్కడి నుంచే ఎగుమతి ఓడ బయల్దేరింది.

అందుకే కొత్త లైను వేసినా, పాతది మార్చినా రెండువైపులా నడిచేలా వాల్వులు, మీటర్లు, కంప్రెసర్ దగ్గరి పైపుల అల్లికా మొదటి రోజే పెట్టించుకోండి. బ్రిటన్, బెల్జియం మధ్య 1998లో మొదలైన ఇంటర్‌కనెక్టర్ మొదట్నుంచీ అలాగే నడుస్తోంది. తర్వాత చేయించాలంటే లైను ఆపాలి, ఒప్పందాలు తిరగరాయాలి, మళ్లీ అనుమతులు తెచ్చుకోవాలి.

కొత్త లైను: సంతకాలయ్యాకే తవ్వకం

ఉన్నదాన్ని ఎంత పిండినా చాలడం లేదు, కొత్త క్షేత్రం వైపు అసలు దారే లేదు, పైగా వాడకం ఏడాది పొడవునా ఉంది అంటే కొత్త లైను తప్పదు. అలాంటప్పుడు సైజు దగ్గర పిసినారితనం పనికిరాదు. పైపు వ్యాసం రెట్టింపు చేస్తే మోసే గ్యాస్ రెట్టింపు కాదు, ఐదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. తవ్వకం, భూసేకరణ, నదులు దాటించడం, అనుమతులు వంటి ఖర్చులు మాత్రం ఆ నిష్పత్తిలో పెరగవు. 30 అంగుళాలదా 36 అంగుళాలదా అన్న సందేహం వచ్చి, కొనేవాళ్లు నిజంగా ఉన్నారని తేలితే నేనైతే పెద్దదే తీసుకోమంటాను.

అయితే ‘కొనేవాళ్లు నిజంగా ఉన్నారు’ అన్న మాటకు అర్థం ఒకటే, సామర్థ్యం ఖాళీగా ఉన్నా డబ్బు కడతామని 15, 20 ఏళ్లకు సంతకం పెట్టినవాళ్లు ఉన్నారని. ఆసక్తి ఉందని ఉత్తరం రాసినవాళ్లు లెక్కలోకి రారు. రష్యా నుంచి చైనాకు వెళ్లే పవర్ ఆఫ్ సైబీరియా లైనులో 2019 డిసెంబరులో గ్యాస్ కదిలింది. దానికి పునాది 2014లో కుదిరిన 30 ఏళ్ల ఒప్పందం. పైపు అమ్మేవాడినీ కొనేవాడినీ ఒకే గుంజకు కట్టేస్తుంది, ఇద్దరిలో ఎవరూ వేరే చోటికి పోలేరు. మంచిరోజుల్లో అది భరోసా, సంబంధాలు చెడితే అదే ఉరి.

ఎలా చెడుతుందో ప్రపంచమంతా చూసింది. రష్యా నుంచి జర్మనీకి బాల్టిక్ సముద్రం అడుగున 1,224 కిలోమీటర్లు సాగిన నార్డ్ స్ట్రీమ్ ఇంజనీరింగ్ పరంగా గొప్ప పని. మధ్యలో ఒక్క కంప్రెసర్ కూడా లేకుండా, ఈ చివర 220 బార్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 220 రెట్లు) ఒత్తిడితో తోస్తే ఆ చివర తేలేది, ఏడాదికి 5,500 కోట్ల క్యూబిక్ మీటర్లు. 2022 వేసవిలో ప్రవాహం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరు 26న పేలుళ్లలో నార్డ్ స్ట్రీమ్ 1, దాని పక్కనే వేసిన నార్డ్ స్ట్రీమ్ 2 కలిపి ఉన్న నాలుగు గొట్టాల్లో మూడు పగిలాయి. ఆ మర్నాడే పోలాండ్‌లో బాల్టిక్ పైప్ ప్రారంభోత్సవం జరిగింది, నార్వే గ్యాస్‌ను డెన్మార్క్ మీదుగా తెచ్చే లైను అది, సామర్థ్యం ఏడాదికి 1,000 కోట్లు. నార్డ్ స్ట్రీమ్‌తో పోలిస్తే చిన్నదే, కానీ రష్యాతో పోలాండ్ ఒప్పందం 2022 చివరికి ముగుస్తుందని తెలిసి ఆ తేదీకి అందేలా ఏళ్ల ముందే పని మొదలుపెట్టారు. ఏ లైను ఎంత పెద్దదన్నది రెండో ప్రశ్న. అది ఆగిపోతే ఇంకో వైపు నుంచి ఎంత వస్తుందన్నది మొదటి ప్రశ్న.

సమయం విషయంలో కాగితం మీద రాసిన తేదీని నమ్మకండి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా నుంచి వర్జీనియాకు వేసిన మౌంటెన్ వ్యాలీ పైప్‌లైన్ పొడవు 488 కిలోమీటర్లు మాత్రమే. 2018 చివరికల్లా సుమారు 350 కోట్ల డాలర్లతో అయిపోతుందనుకున్నారు. కోర్టు కేసులు, నదులు, అడవులు దాటే అనుమతుల రద్దులు, చివరికి 2023లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఈ లైను కోసం ప్రత్యేకంగా చట్టంలో పెట్టాల్సి రావడం, ఇవన్నీ దాటుకుని 2024 జూన్‌లో గ్యాస్ పారేసరికి ఖర్చు రెట్టింపు దాటింది. దాని పక్కనే అట్లాంటిక్ కోస్ట్ పైప్‌లైన్ అసలు పూర్తే కాలేదు, అంచనా 800 కోట్ల డాలర్లకు చేరాక 2020 జులైలో వదిలేశారు. ఆ లైన్ల దారిలో ఇళ్లూ పొలాలూ ఉన్నవాళ్లు వద్దన్నారంటే వాళ్లకు కారణాలున్నాయి, వాళ్ల మాట వినే పని రూట్ గీసేటప్పుడే చేయాలి, పైపులు తెచ్చి పేర్చాక కాదు.

ఓడలో తెచ్చుకోవడం

గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమవుతుంది, ఓడెక్కుతుంది. ఇందులో ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే అమ్మేవాణ్ని మార్చుకోవచ్చు. పెద్ద కష్టం, వచ్చిన గ్యాస్‌లో దాదాపు పదో వంతు చల్లబరచడానికే ఖర్చవుతుంది. అందుకే దూరం తక్కువైతే పైపు, ఎక్కువైతే ఓడ చవక. మామూలుగా చెప్పుకునే లెక్క ప్రకారం సముద్రం అడుగున వెయ్యి కిలోమీటర్లు దాటితే, నేల మీద మూడు నాలుగు వేల కిలోమీటర్లు దాటితే ఓడ వైపు మొగ్గు మొదలవుతుంది. సరిహద్దులెన్ని దాటాలి, కొండలున్నాయా అన్నదాన్ని బట్టి ఇది అటూ ఇటూ జరుగుతుంది.

తొందరలో ఉన్నవాళ్లకు తేలియాడే టెర్మినల్‌ను మించినది లేదు. ద్రవాన్ని తిరిగి గ్యాస్ చేసే యంత్రాలన్నీ ఓడ మీదే ఉంటాయి, మీరు కట్టాల్సింది జెట్టీ, అక్కడి నుంచి ప్రధాన లైనుకు పైపు. 2022 ఫిబ్రవరి నాటికి జర్మనీకి ఒక్క ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ కూడా లేదు. డిసెంబరుకల్లా విల్‌హెల్మ్స్‌హావెన్‌లో మొదటిది మొదలైంది, అక్కడి నుంచి ప్రధాన లైను కలిసే ఎట్జెల్ దాకా 26 కిలోమీటర్ల లైను కూడా ఆ నెలల్లోనే వేసేశారు. లిథువేనియా ఇంకా ముందే మేల్కొంది, 2014లోనే క్లైపేడాలో ఇలాంటి ఓడను అద్దెకు తెచ్చుకుంది. దానికి పెట్టిన పేరు ‘ఇండిపెండెన్స్’. పదేళ్లు అద్దె కట్టాక కొనేసుకుంది. 2014 దాకా ఆ దేశానికి గ్యాస్ వచ్చేది రష్యా నుంచి ఒక్కటే.

కానీ టెర్మినల్ కట్టినంత మాత్రాన గ్యాస్ కావాల్సిన చోటికి చేరదు. యూరోపియన్ యూనియన్‌లో అన్నిటికంటే ఎక్కువ టెర్మినల్ సామర్థ్యం స్పెయిన్‌ది. 2022లో మిగతా దేశాలు గ్యాస్ కోసం అల్లాడుతుంటే స్పెయిన్ నుంచి పెద్దగా పంపలేకపోయారు, ఎందుకంటే పిరనీస్ కొండలు దాటి ఫ్రాన్స్‌కు వెళ్లే లైన్లు సన్నవి. ఏడాదికి 500 కోట్ల క్యూబిక్ మీటర్ల టెర్మినల్ అంటే దాదాపు వారానికొక ఓడ. తుఫాను వల్ల ఒక ఓడ నాలుగు రోజులు లోపలికి రాలేకపోతే ఆ నాలుగు రోజులు ఎలా గడుస్తాయన్న ప్రశ్నకు సమాధానం నిల్వ దగ్గరే ఉంది.

నిల్వ: అన్నీ ఒకటి కావు

నిల్వ అనగానే ‘ఎంత పడుతుంది’ అని అడుగుతారు. అంతకన్నా ముఖ్యమైనది ‘రోజుకు ఎంత బయటికి వస్తుంది’ అన్నది. ఇంకా ముఖ్యమైనది ‘సగం ఖాళీ అయ్యాక ఎంత వస్తుంది’. గ్యాస్ తీస్తున్నకొద్దీ లోపల ఒత్తిడి తగ్గుతుంది, దాంతో వచ్చే వేగమూ తగ్గుతుంది. చలికాలం చివర, అంటే ఫిబ్రవరి ఆఖరులో గట్టి చలి వస్తే నవంబరులో ఇచ్చినంత ఆ నిల్వ ఇవ్వలేదు. కాగితం మీద రాసే అంకె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉన్నప్పటిదే. కాబట్టి నింపుదల శాతానికి ఎదురుగా రోజువారీ వేగం చూపే పట్టిక అడగండి, అది ఇవ్వకుండా ఏ సంతకం వద్దు.

భూగర్భ నిల్వ పాత విద్యే, 1915లో కెనడాలోని ఒంటారియోలో మొదలైంది. ఎక్కువ భాగం ఖాళీ అయిన గ్యాస్, చమురు క్షేత్రాల్లోనే జరుగుతుంది. అక్కడ రాయి గ్యాస్‌ను లక్షల ఏళ్లు పట్టి ఉంచింది కాబట్టి మళ్లీ పట్టి ఉంచుతుందన్న నమ్మకం ఉంటుంది, బావులూ పైపులూ కొన్ని అప్పటికే ఉంటాయి. ఒత్తిడి నిలబెట్టడానికి లోపలే వదిలేయాల్సిన కుషన్ గ్యాస్ మాత్రం దాదాపు సగం దాకా ఉంటుంది. వేసవిలో నింపి చలికాలంలో తీసే నిదానపు పనికి ఇవి సరిపోతాయి. భూమిలోపల నీటితో నిండిన రాతి పొరల్లో చేసే నిల్వకు కుషన్ ఇంకా ఎక్కువ, 80 శాతం దాకా పోవచ్చు, పైగా ఆ రాయి గ్యాస్‌ను పట్టి ఉంచుతుందో లేదో ముందు పరీక్షించి తేల్చుకోవాలి. వేరే దారి లేనిచోట తప్ప నేను దీన్ని సూచించను.

ఉప్పు గుహలు వేరే జాతి. భూమిలోని ఉప్పు పొరలోకి నీళ్లు పంపి, కరిగిన ఉప్పునీటిని బయటికి తీసి గుహ చేస్తారు. ఒక క్యూబిక్ మీటరు ఖాళీ కావాలంటే ఏడెనిమిది క్యూబిక్ మీటర్ల నీళ్లు కావాలి. అంత ఉప్పునీటిని ఎక్కడ వదలాలన్నదే చాలా ప్రాజెక్టుల్ని ఆపేస్తుంది, కరిగించడానికే రెండు మూడేళ్లు పోతాయి. అయితే కుషన్ 20, 30 శాతంతో సరిపోతుంది, వేగం బాగా ఎక్కువ, ఏడాదికి ఎన్నోసార్లు నింపి తీయవచ్చు. పైన చెప్పిన 15 రోజుల లోటుకు సరిగ్గా సరిపోయేది ఇదే. ఉప్పు పొర లేనిచోట చిన్న ఎల్‌ఎన్‌జీ ట్యాంకు పెట్టుకోవచ్చు, సుమారు 200 రోజులు నెమ్మదిగా ద్రవం చేసి దాచి, పది రోజుల్లో వదిలేస్తారు. ఖరీదైనదే, కానీ నగరం పక్కనే పెట్టుకోవచ్చు.

నగరం పక్కన అన్నది చిన్న విషయం కాదు. ఇరుకైన లైనుకు అవతల, క్షేత్రం వైపు నిల్వ కడితే చలి రోజున ఆ గ్యాస్ అదే ఇరుకులోంచి రావాలి, లాభం లేదు. ఇవతల, వాడేవాళ్ల వైపు కడితే వేసవిలో ఖాళీగా ఉన్న లైనునే వాడి నింపుకోవచ్చు. అప్పుడు ఆ లైను ఏడాదంతా నిండుగా నడుస్తుంది, కొత్త పైపు వేయకుండానే పైపు వేసినంత ఫలితం. కొత్త సరఫరా వస్తోందంటే లైను, నిల్వ రెండూ ఒకే కాగితం మీద లెక్క వేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కొన్ని గంటల ఎగుడుదిగుళ్లకైతే ఇదేదీ అక్కర్లేదు, పైపులో ఉన్న గ్యాసే నిల్వ. 42 అంగుళాల లైను వంద కిలోమీటర్ల మేర ఒత్తిడి 10 బార్ దిగనిస్తే సుమారు 9 లక్షల క్యూబిక్ మీటర్లు చేతికొస్తాయి. పొద్దున్నా సాయంత్రం పెరిగే వాడకాన్ని నడిపేది ఎక్కువగా ఇదే.

నిల్వ ఎవరి చేతిలో ఉందన్నదీ చూడాలి. జర్మనీలోని రెహ్డెన్ నిల్వ పశ్చిమ యూరప్‌లోనే అతి పెద్దది, దాదాపు 400 కోట్ల క్యూబిక్ మీటర్లు పడుతుంది. రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ చేతిలో ఉండగా 2021-22 చలికాలానికి దాన్ని దాదాపు ఖాళీగానే ఉంచారు. ఆ దెబ్బతో 2022లో నవంబరు 1 నాటికి 80 శాతం, ఆ తర్వాతి ఏళ్లకు 90 శాతం నింపాలని యూరోపియన్ యూనియన్ నియమం పెట్టింది. బ్రిటన్‌ది ఇంకో రకం కథ. దేశంలోని నిల్వలో అధిక భాగం ఉన్న సముద్రగర్భపు రఫ్ క్షేత్రాన్ని బావులు పాతబడ్డాయని, మరమ్మతు గిట్టదని 2017లో మూసేశారు, 2022 అక్టోబరులో హడావుడిగా కొంత భాగం తిరిగి తెరిచారు. నిల్వ పని లేని ఏళ్లలో దండగలా కనిపిస్తుంది, దాన్ని మార్కెట్ ధరల తేడా మీదే బతకమంటే బతకదు. ఎవరో ఒకరు బీమా ప్రీమియం కట్టినట్టు కట్టాలి.

వయసు మళ్లిన బావులు

పాత క్షేత్రాన్ని నిల్వగా మార్చేటప్పుడు రాయి గురించి కాదు, బావుల గురించి భయపడాలి. కాలిఫోర్నియాలోని అలీసో కాన్యన్‌లో 1953లో తవ్విన ఎస్ఎస్-25 అనే చమురు బావిని తర్వాత గ్యాస్ నిల్వకు వాడుకున్నారు. లోపలి గొట్టంలోంచే కాక దాని చుట్టూ ఉన్న కేసింగ్‌లోంచి కూడా గ్యాస్ నడిపేవారు, అంటే గ్యాస్‌కూ మట్టికీ మధ్య ఉన్నది ఒక్క ఉక్కు గోడ. అడుగున ఉండాల్సిన భద్రతా వాల్వును 1979లో తీసేశారు, మళ్లీ పెట్టలేదు. బయటినుంచి భూగర్భజలం తగిలి ఆ గోడ ఏళ్ల తరబడి తుప్పు పట్టింది. 2015 అక్టోబరులో సుమారు 270 మీటర్ల లోతున అది చీలింది. పైనుంచి బురద పోసి ఆపాలని చేసిన ప్రయత్నాలన్నీ విఫలమై, పక్కనుంచి ఇంకో బావి తవ్వి 2016 ఫిబ్రవరిలో మూసేదాకా దాదాపు లక్ష టన్నుల మీథేన్ (ఈ గ్యాస్‌లో ప్రధాన భాగం) గాల్లో కలిసింది. వేల కుటుంబాలు నెలల తరబడి ఇళ్లు వదిలి ఉన్నాయి. మీథేన్ 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు ఎక్కువగా వేడి పట్టి ఉంచుతుంది, కాబట్టి ఆ నష్టం ఆ ఊరితో ఆగేది కాదు.

నిల్వ చూపించి అమ్మేవాళ్లను నేను అడిగే ప్రశ్నలు ఇక్కడి నుంచే వస్తాయి. ప్రతి బావికీ రెండు గోడలున్నాయా? ఆఖరిసారి కేసింగ్ మందం ఎప్పుడు కొలిచారు? మూసేసిన పాత బావులు ఎన్ని, వాటి సిమెంటు రికార్డులు ఉన్నాయా? ‘రికార్డులు దొరకడం లేదు’ అంటే ఆ నిల్వ ఎంత చవకైనా వద్దు. ఎల్‌ఎన్‌జీ ట్యాంకులకూ ఇలాంటి పాఠమే ఉంది. 1944 అక్టోబరు 20న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ట్యాంకు పగిలి 130 మంది దాకా చనిపోయారు, నికెల్ తక్కువ ఉన్న ఆ ఉక్కు అంత చలికి పెళుసుబారింది. ఇప్పటి ట్యాంకులకు 9 శాతం నికెల్ ఉక్కు వాడేది అందుకే.

కొత్త గ్యాస్ మీ పొయ్యికి సరిపోతుందా

పైపూ నిల్వా కుదిరాక కూడా ఒక్కోసారి అసలు గ్యాసే కుదరదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ గ్యాస్‌లో సుమారు 14 శాతం నైట్రోజన్ ఉంటుంది, వేడి తక్కువ. దానికి తగ్గట్టు చేసిన బర్నర్లలో మామూలు గ్యాస్ నేరుగా పంపకూడదు. భూకంపాల వల్ల ఆ క్షేత్రంలో ఉత్పత్తి 2023 అక్టోబరులో ఆపేశారు, దాని బదులు వచ్చే గ్యాస్‌లో నైట్రోజన్ కలిపే ప్లాంట్లు కట్టాల్సి వచ్చింది, జర్మనీలోనైతే ప్రాంతాలవారీగా ఇంటింటికీ వెళ్లి బర్నర్లు మారుస్తూ వస్తున్నారు. కాబట్టి కొత్త సరఫరా వేడి విలువ, తేమ, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ పరిమితులు ముందే చూసుకోండి. శుద్ధి ఖర్చు క్షేత్రం వాళ్లదా, లైను వాళ్లదా అన్నది ఒప్పందంలో ఉండాలి.

సంతకానికి ముందు

లైను కంపెనీ కొత్త సామర్థ్యం కోసం బిడ్లు పిలిచినప్పుడు రెండు రకాలు ఇస్తుంది. ఒకటి ఖాయం సామర్థ్యం, వాడినా వాడకున్నా డబ్బు కట్టాలి, చలి రోజున మీ వంతు మీకు దక్కుతుంది. రెండోది ఖాళీ ఉంటే ఇచ్చేది, చవక, కానీ మీకు అవసరమైన రోజునే అది దొరకదు, ఎందుకంటే ఆ రోజు అందరికీ అవసరమే. ఇళ్లకూ ఆసుపత్రులకూ ఇచ్చేవాళ్లు మొదటిదే తీసుకోవాలి, చర్చే లేదు. వేరే ఇంధనానికి మారగల ఫ్యాక్టరీ రెండోదానితో నెట్టుకురావచ్చు, డబ్బు మిగులుతుంది.

ఆపై నాలుగు విషయాలు పట్టుకోండి. గ్యాస్ కొనే ఒప్పందం పదేళ్లకు, లైను ఒప్పందం ఇరవై ఏళ్లకు ఉంటే మిగతా పదేళ్లు ఏ గ్యాస్ తెస్తారో ఇప్పుడే చెప్పగలగాలి. వాడని సామర్థ్యాన్ని ఇంకొకరికి అమ్ముకునే హక్కు రాయించుకోవాలి. పని ఆలస్యమైతే ఏ తేదీ తర్వాత మీరు తప్పుకోవచ్చో రాయించుకోవాలి, మౌంటెన్ వ్యాలీ లాంటివి చూశాక ఈ తేదీ లేని ఒప్పందం నేనైతే ముట్టుకోను. నిర్మాణం ఖర్చు పెరిగితే చార్జీ ఎంతదాకా పెంచవచ్చో పైహద్దు కూడా ఉండాలి. లైను కంపెనీ ఈ నాలుగింట్లో ఒకటి కాదంటే బేరం చేయండి, నాలుగూ కాదంటే ముందు ఉన్న లైనుకు కంప్రెసర్, నగరం వైపు నిల్వ, ఈ రెండింటికీ కొటేషన్ తెప్పించుకుని అప్పుడు మళ్లీ వాళ్లతో కూర్చోండి.